అప్పు తీరిన తరువాత

తెలుగువారి నోట అప్పును గురించిన సామెతలు అనేకం. అప్పులేనివాడు అధిక బలుడని పెద్దలన్నారు. అప్పుచేసి పప్పుకూడు తినేవాణ్ణి చూసి నవ్వారు. సుమతీ శతకకారుడు అప్పుచేసి అనుభవించే వైభవాన్ని చివరకు కీడు తెచ్చే వాటి వరుసలో నిలిపాడు. మహాభారతంలో సుఖి ఎవరని యక్షుడు అడిగినప్పుడు ధర్మరాజు సంపన్నుని పేరు చెప్పలేదు. అప్పు లేక, పరాయి ఊరికి పోవలసిన అగత్యం లేక, పొద్దుపోయిన తరువాతనైనా సొంత ఇంట ఇంత కూరాకు వండుకొని తినగలిగేవాడే సుఖి అన్నాడు. రాజ్యం పోగొట్టుకొని అడవుల పాలైన రాజు చెప్పిన సమాధానం కనుక దానికి బరువెక్కువ.

ఆ సమాధానంలో మేడలూ మాన్యాలూ లేవు. ఉన్నవి రెండే షరతులు: ఒకరికి బాకీ పడకపోవడం, బతుకుతెరువుకోసం ఇల్లు విడిచి తిరగవలసిన అవసరం లేకపోవడం. చూడటానికి ఇవి చాలా చిన్నవి. చిన్న ఆదాయంతో సంసారం నెట్టుకొచ్చే కుటుంబానికి మాత్రం ఈ రెండూ జీవితకాలపు సాధన.

ఆ సాధన ఎంత కష్టమో చిత్తూరు సీమలోని పడమటి మండలాలను చూస్తే తెలుస్తుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు నిండుగా పారే నదులు లేని మెట్టభూములు. వాన మీద, చెరువు మీద, బోరుబావి మీద ఆధారపడిన సేద్యం అక్కడిది. మదనపల్లె టమాటా మార్కెట్టు దేశంలోనే పేరుమోసినది. 2023 జూలై చివరలో అక్కడ మేలురకం టమాటా ధర కిలో రెండువందల రూపాయల దరిదాపులకు చేరింది. ఆ సెప్టెంబరుకే పది రూపాయల స్థాయికి దిగజారింది. ధర ఇంతగా ఊగిసలాడేచోట రైతు ఆదాయాన్ని ముందుగా లెక్క కట్టలేడు. విత్తనానికీ, ఎరువుకూ, కట్టెలకూ, కూలికీ పెట్టుబడి మాత్రం ముందే కావాలి. ఆ పెట్టుబడిని మండీ వ్యాపారి వద్ద అడ్వాన్సుగా తీసుకొన్న రైతు తన పంటను ఆ మండీకే తోలవలసి వస్తుంది. ధర మరొకచోట మెరుగ్గా ఉన్నా, నాలుగు రోజులు ఆగితే పెరుగుతుందని తోచినా, నిర్ణయం అతని చేతిలో ఉండదు. మదనపల్లెను ఆనుకొన్న నీరుగట్టువారిపల్లె పట్టుచీరల నేతకు ప్రసిద్ధి. అడ్వాన్సు తీసుకొన్న నేతగాని స్థితీ ఇటువంటిదే. బాకీ తీరేదాకా మగ్గం అతనిదే అయినా పని మరొకరిదవుతుంది.

ఇక్కడే అప్పు అసలు స్వరూపం బయటపడుతుంది. అప్పు తీసుకొన్నవాడు వడ్డీ చెల్లిస్తున్నానని అనుకొంటాడు. నిజానికి అతడు తన రేపటి రోజులను ఈనాడే కుదువ పెడుతున్నాడు. ఎప్పుడు అమ్మాలి, ఎవరివద్ద పని చేయాలి, బిడ్డను ఏ చదువు చదివించాలి అన్న నిర్ణయాలు ఒక్కొక్కటిగా అప్పిచ్చినవాని చేతిలోకి జారిపోతాయి. డబ్బు పోవడం కంటె ఈ నష్టం పెద్దది.

వడ్డీ లెక్క వినడానికి ఎప్పుడూ స్వల్పంగానే ఉంటుంది. పల్లెల్లో నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు అంటారు. అది నెలకు అన్నమాట. నూటికి రెండు రూపాయలంటే సాలుకు 24 శాతం. మూడు రూపాయలంటే 36 శాతం. వడ్డీమీద వడ్డీ పడితే మొదటి లెక్కన అప్పు మూడేళ్లు దాటిన కొద్దికాలానికే రెట్టింపవుతుంది. రెండవ లెక్కన రెండేళ్లు దాటగానే రెట్టింపవుతుంది. వీధి వ్యాపారులు వాడుకొనే రోజువారీ అప్పు మరీ మాయమైనది. పదివేల రూపాయల నోటు రాయించుకొని, వెయ్యి ముందే పట్టుకొని, తొమ్మిదివేలు చేతికిస్తారు. రోజుకు నూరు రూపాయల చొప్పున నూరు రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే కదా వడ్డీ అనిపిస్తుంది. అసలు రోజురోజుకూ తరుగుతూ వస్తుంది కనుక, సరిగా లెక్కకడితే అది సాలుకు 75 శాతం దాటిన వడ్డీ. లెక్క తెలియకపోవడం వల్ల కలిగే నష్టం దొంగతనం వల్ల కలిగే నష్టానికి ఏమాత్రం తీసిపోదు.

అప్పుల బాధ ఈ సీమకు కొత్తది కాదు. దానిని తగ్గించడానికి ప్రభుత్వాలు చేసిన ప్రయత్నాలూ కొత్తవి కావు. చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో, 1938లో, రాజాజీ ప్రభుత్వం వ్యవసాయదారుల ఋణభారాన్ని తగ్గించే శాసనం తెచ్చింది. 1932 అక్టోబరుకు ముందు చేసిన పాత అప్పుల విషయంలో, అసలుకు రెండింతలు అప్పటికే చెల్లించి ఉంటే ఆ బాకీ తీరినట్లేనని ఆ చట్టం చెప్పింది. 1976లో వచ్చిన కేంద్ర చట్టం వెట్టిచాకిరిని రద్దుచేసి, అప్పుకు బదులుగా మనిషిని కట్టివేసే ఆచారాన్ని నేరంగా ప్రకటించింది. 1990ల నుంచి తెలుగునాట మహిళల పొదుపు సంఘాలు ఊరూరా వెలిశాయి. రోజుకొక రూపాయి దాచుకొన్న స్త్రీలు బ్యాంకు మెట్లెక్కి తక్కువ వడ్డీకి ఋణం పొందగలిగారు. మరోవైపు సూక్ష్మఋణ సంస్థలు వారంవారం కంతుల పద్ధతిపై ఇంటి ముంగిటికే అప్పు తెచ్చి ఇచ్చాయి. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పులివ్వడం, వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు కలిసి 2010లో పెద్ద సంక్షోభంగా మారాయి. ఆ సంవత్సరం అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ సంస్థలను అదుపు చేయవలసి వచ్చింది. ఈ చరిత్ర చెప్పే పాఠం ఒక్కటే. అప్పు దొరకడం సులభమైనంత మాత్రాన జీవితం సులభం కాదు.

చట్టం బాధితునికి కొంత ఊపిరి ఇవ్వగలదు. ఆ ఊపిరిని నిలుపుకోవడానికి ఇంటిలో ఒక క్రమం కావాలి. ఉదాహరణకు కుప్పంలో నెలకు 20,000 రూపాయల ఆదాయం గల ఒక కుటుంబం ఉన్నదనుకొంటే, దానికి రెండు అప్పులున్నాయనుకోవచ్చు: నూటికి మూడు రూపాయల వడ్డీపై తెచ్చిన 40,000, బంగారం కుదువపెట్టి సాలుకు 12 శాతం వడ్డీపై తెచ్చిన 60,000. ఈ రెంటికీ కలిపి మొదటినెల వడ్డీయే 1,800 రూపాయలు. ఆ కుటుంబం నోరు కట్టుకొని నెలకు 5,000 అప్పులకు కేటాయించగలిగితే, దారి తెరుచుకొంటుంది. బంగారం అప్పుకు వడ్డీమాత్రం కడుతూ మిగిలినదంతా ఎక్కువ వడ్డీ అప్పు మీద వేస్తే, అది పదకొండు నెలల్లో తీరుతుంది. ఆ పైన 5,000 మొత్తం బంగారం అప్పు మీదకు మళ్లితే మరి పదమూడు నెలల్లో నగ ఇంటికి వస్తుంది. వెరసి రెండేళ్లు. నగమీది మమకారంతో ముందు బంగారాన్ని విడిపించబూనితే, అదే 5,000 కడుతున్నా సుమారు మూడు నెలలు ఎక్కువ పడుతుంది. ఆదాయం మారలేదు, ఖర్చు మారలేదు. తీర్చిన వరుస మాత్రమే మారింది.

ఈ క్రమంలో మొదటి పనిముట్టు ఒక చిట్టా పుస్తకం. ఎవరికెంత, ఎంత వడ్డీ, ఏ తేదీ అన్నది కాగితం మీద కనబడనంతవరకు అప్పు భూతంలా భయపెడుతుంది. కనబడిన తరువాత అది ఒక లెక్కగా మారుతుంది. రెండవది, పెద్ద అప్పులు తీరకముందే కొద్దిపాటి సొమ్మును అత్యవసరానికి విడిగా ఉంచడం. లేనిచో ఒక జ్వరం, ఒక మోటారు మరమ్మతు మళ్లీ వడ్డీవ్యాపారి గడప తొక్కిస్తాయి. మూడవది, చీటీ వంటి అలవాటైన సాధనాన్ని తెలిసి వాడుకోవడం. చీటీలో మొదటి నెలల్లోనే పాటపాడి సొమ్ము ఎత్తుకొన్నవాడు అప్పు తీసుకొన్నవానితో సమానం. చివరిదాకా ఆగినవాడు పొదుపు చేసినవానితో సమానం. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం ప్రకారం నమోదైన చీటీకీ, నమ్మకం మీద నడిచే చీటీకీ మధ్య గల తేడాను చీటీ మునిగిన తరువాత గ్రహించి ప్రయోజనం లేదు.

అప్పు తీరింది. తరువాత ఏమిటి? అంతవరకు ఋణదాతకు వెళ్లిన 5,000 ఇప్పుడు తన ఇంటిలోనే నిలుస్తుంది. అక్కడినుంచే ముందస్తు విరామం అనే ఆలోచన మొదలవుతుంది.

ఈ ఆలోచనకు అమెరికాలో పేరు తెచ్చినవారిలో జో డొమింగ్వెజ్ ఒకరు. 1969లో, ముప్ఫై ఒకటవ ఏట, ఆయన ఉద్యోగం విడిచిపెట్టారు. వికీ రాబిన్‌తో కలిసి ఆయన రాసిన పుస్తకం 1992లో వెలువడింది. ప్రతి వస్తువు ధరనూ, దానికోసం వెచ్చించిన జీవితకాలపు గంటలలో లెక్కించమన్నది అందులోని ప్రధాన బోధ. 1994లో విలియం బెంజెన్ అనే ఆర్థిక సలహాదారు అమెరికా మార్కెట్టు చరిత్రను పరిశీలించి, కూడబెట్టిన మొత్తంలో మొదటి ఏడు 4 శాతం తీసుకొని, ఆపైన ధరల పెరుగుదలకు తగినట్లు సవరించుకొంటూ పోతే ఆ సొమ్ము కనీసం ముప్ఫై ఏళ్లు వచ్చేదని తేల్చారు. దీనినుంచే ఏడాది ఖర్చుకు ఇరవై అయిదు రెట్లు కూడబెడితే పని మానవచ్చునన్న సూత్రం వ్యాప్తిలోకి వచ్చింది.

ఈ సూత్రాన్ని కుప్పంలోని ఆ కుటుంబానికి అన్వయిస్తే ఆశ, నిరాశ వెంటవెంటనే కలుగుతాయి. నెలకు 15,000 ఖర్చయ్యే ఇంటికి ఏడాదికి 1,80,000 కావాలి. దానికి ఇరవై అయిదు రెట్లు 45 లక్షలు. నెలకు 5,000 చొప్పున ఇరవై అయిదేళ్లు దాచి, సాలుకు 8 శాతం రాబడి వచ్చిందనుకొంటే సుమారు 47 లక్షలు చేతికి వస్తాయి. గమ్యం చేరినట్లే కనిపిస్తుంది. కాని ధరలు ఆగి ఉండవు. అవి ఏడాదికి 5 శాతం చొప్పున పెరిగితే, నేటి 15,000 ఖర్చు ఇరవై అయిదేళ్ల తరువాత 50,000 దాటుతుంది. అప్పుడు కావలసింది కోటిన్నర. ఆదాయం పెరిగినకొద్దీ పొదుపునూ పెంచుకొంటూపోతే ఈ దూరం కొంత తగ్గుతుంది, పూర్తిగా తొలగదు. పెద్ద జీతాల దేశంలో పుట్టిన సూత్రం చిన్న జీతాల ఊరికి అచ్చంగా సరిపోదు.

పైగా పదవీ విరమణ అనే మాటే కొందరికి పరిమితమైనది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయస్సు 2014లో 60కి, 2022లో 62కు పెరిగింది. 1980 నాటి పింఛను నియమాల కింద ఇరవై ఏళ్ల సర్వీసు నిండినవారు స్వచ్ఛందంగా విరమించుకొనే వీలుంది. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారికి పాత పింఛను లేదు. చందాతో కూడిన పింఛను వర్తించింది. టమాటా గంపలెత్తే కూలికి, మగ్గం నేసేవానికి, వేకువ రైలుకు బెంగుళూరు వెళ్లి చీకటిపడ్డాక కుప్పం చేరే శ్రామికునికి ఇవేవీ వర్తించవు. పదవే లేనివారికి పదవీ విరమణ ఎక్కడిది? అసంఘటిత రంగంవారికోసం 2015లో వచ్చిన అటల్ పింఛను పథకంలో, పద్దెనిమిది నుంచి నలభై ఏళ్లలోపు చేరి చందా కట్టినవారికి అరవై ఏళ్లు నిండిన తరువాత నెలకు వెయ్యి నుంచి అయిదువేల రూపాయల వరకు పింఛను హామీ ఉంది. వృద్ధాప్యానికి అది ఒక ఊతకర్ర. నలభై అయిదేళ్లకే విరమించాలనుకొనేవారికి చాలదు.

విరామం దానంతట అదే సుఖమని భావించడమూ పొరపాటే. కుప్పానికి చేరువలో, కర్ణాటక సరిహద్దుకు ఆవల కోలారు బంగారు గనులున్నాయి. నూరేళ్లకు పైగా నడిచిన ఆ గనులు 2001లో మూతపడ్డాయి. పని చేయగల వయసులోనే వేలాదిమందికి పని ఆగిపోయింది. ఆ కాలనీలనుంచి ఎందరో బతుకుతెరువు వెదుక్కొంటూ రోజూ బెంగుళూరుకు రైలెక్కవలసి వచ్చింది. నెత్తిన వచ్చిపడిన విరామం శాపం. కోరి సంపాదించుకొన్న విరామం వరం. ఈ రెంటికీ మధ్య గల భేదం వయస్సులో లేదు. అప్పు లేకపోవడంలో, చేతిలో నాలుగు రూకలుండటంలో, నిర్ణయం తనదిగా ఉండటంలో ఉంది.

అయితే చిన్న ఆదాయం గలవారికి ఏ దారీ లేదా? పుంగనూరు ఆవు ఒక సమాధానం చెబుతుంది. మనిషి నడుమెత్తుకు మించని ఈ పొట్టి ఆవు కరవుసీమకు తగిన జంతువు. తక్కువ మేతతో బతుకుతుంది. వెన్నశాతం ఎక్కువగా గల పాలిస్తుంది. అంతరించిపోయే దశకు చేరిన ఈ జాతిని పలమనేరు పశుపరిశోధన కేంద్రం కాపాడుతూ వచ్చింది. ఆ ఆవు బలం ఎక్కువ పాలివ్వడంలో లేదు. తక్కువ మేతతో బతకగలగడంలో ఉంది. చిన్న సంసారపు బలమూ అక్కడే ఉంది. నెలఖర్చులో వెయ్యి రూపాయలు తగ్గితే, ఇరవై అయిదు రెట్ల లెక్కన కూడబెట్టవలసిన మొత్తం మూడు లక్షలు తగ్గుతుంది. సొంత ఇల్లు, పెరటిలో కూరపాదు, కాలినడకన చేరగల పని ఉన్నవానికి కోటిన్నర అవసరం ఉండకపోవచ్చు. ఇందులో ఒక హెచ్చరికా ఉంది. 2024 సంక్రాంతి సందర్భంగా ప్రధానమంత్రి నివాసంలో ఈ ఆవుల చిత్రాలు దేశమంతా చూసింది. పేదవాని పాడి కొందరి ఇళ్లలో అలంకారమైంది. ధర లక్షలకు ఎక్కింది. తక్కువతో బతకడం నేర్పే ఆవును అప్పుచేసి కొనడం కంటె విడ్డూరం మరొకటి ఉండదు.

పొదుపును పిసినిగొట్టుతనంగా పొరబడరాదు. పిల్లల పుస్తకం, ముసలివారి మందు, పాలు, పండు కోసివేసి కూడబెట్టిన సొమ్ము మరొక రూపంలో అప్పే అవుతుంది. దానిని దేహం తీర్చవలసి వస్తుంది. పేదయింటిని ఒక్కదెబ్బతో కూల్చేది చాలాసార్లు ఆడంబరం కాదు, ఆసుపత్రి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు అందుకే ఋణవిముక్తికి తోడ్పడే సాధనాలు. ఎంత క్రమశిక్షణ గలవాడైనా పంట నష్టాన్నీ, పెద్ద జబ్బునూ ఒంటరిగా మోయలేడు. ఇంటి పొదుపూ, సమాజపు ఆసరా రెండు చేతుల వంటివి. ఒక్క చేత్తో బండను ఎత్తబోయి ఓడినవాణ్ణి సోమరి అనడం న్యాయం కాదు.

కాబట్టి సామాన్యుని విషయంలో ముందస్తు విరామమంటే ఒకానొక పుట్టినరోజున పని మానివేయడమని కాదు. అది మెట్లు మెట్లుగా వచ్చే స్వేచ్ఛ. మొదటి మెట్టున, అప్పు తీరిన రైతు తన పంటను తనకు నచ్చిన మండీకి తోలగలుగుతాడు. రెండవ మెట్టున, ఆరునెలల ఖర్చు చేతిలో ఉన్న శ్రామికుడు అవమానించే యజమానికి నమస్కారం పెట్టి బయటకు రాగలుగుతాడు. మూడవ మెట్టున, బెంగుళూరు రైలెక్కినవాడు తక్కువ కూలికైనా కుప్పంలోనే పని చూసుకొని, పొద్దుపోయేలోగా ఇల్లు చేరగలుగుతాడు. ధర్మరాజు చెప్పిన రెండు షరతులలో మొదటిది తీరితేనే రెండవదానికి తోవ ఏర్పడుతుంది.

అట్లా చేతికి వచ్చిన కాలాన్ని ఏమి చేయాలన్నది చివరి ప్రశ్న. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, తనకోసం ఏర్పడిన ప్రపంచవ్యాప్త సంస్థను 1929లో స్వయంగా రద్దుచేశారు. దానికి వచ్చిన ఆస్తులను దాతలకు తిరిగి ఇప్పించారు. పని మానడానికి ఆయన ఆ చర్యకు పూనుకోలేదు. ఆ పిమ్మట యాభై ఏళ్లకు పైగా తాను నమ్మిన పనిలోనే గడిపారు. బంధం తెగిన తరువాత మనిషి సోమరి అవుతాడన్న భయానికి ఆ జీవితం ఒక జవాబు.

మన పూర్వులు మనిషికి పుట్టుకతోనే మూడు ఋణాలున్నాయన్నారు: దేవఋణం, ఋషిఋణం, పితృఋణం. వీటికి ప్రామిసరీ నోటు లేదు, వడ్డీ లేదు, గడువు లేదు. కన్నవారి పక్కన కూర్చోవడం, చదువు చెప్పిన ఊరి బడికి ఒక పూట శ్రమ ఇవ్వడం, నీరిచ్చిన చెరువు కట్టను నలుగురితో కలిసి బాగుచేయడం వీటిని తీర్చే మార్గాలు. వీటికి కావలసింది డబ్బు కంటె తీరిక. వడ్డీకి పరుగెత్తేవానికి ఆ తీరిక దొరకదు. అప్పులు తీర్చుకొన్నవాడే ఋణాలు తీర్చుకోగలుగుతాడు.